మగ్గం చప్పుడే మన ప్రచారం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, బరంపురం నుంచి, సేలం నుంచి, మొలకాల్మూరు నుంచి, యానాం నుంచి వచ్చిన నేత కుటుంబాలకు, వెనక వరసల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అక్కలకు, వదినలకు సోలాపూరు పూర్వభాగం తరఫున దండాలు.

‘ఖర్చు లేకుండా ఫోనులో మన సరుకు ఎలా చూపించాలో చెప్పండి’ అని మమ్మల్ని పిలిచారు. మేము నిపుణులం కాదు. మా ఇంట్లో టవల్స్ నేసే నాలుగు సాంచాలున్నాయి. మూలన మామగారి చేతిమగ్గం ఒకటుంది. దాని మీద ఆయన గోడకు వేలాడదీసే బొమ్మల బట్టలు నేస్తారు. అత్తగారు కండెలు చుడతారు. మిగతా పని మేమిద్దరం, పిల్లలిద్దరు పంచుకుంటాం. మూడేళ్ళుగా ఫోనులో అమ్ముతున్నాం. మేము చేసిన తప్పులు, వాటితో నేర్చుకున్నవి మాత్రమే ఇక్కడ చెబుతాం.

ముందు పెద్ద తప్పు చెబుతాం. మొదట్లో వేరేవాళ్ళ పేజీలు చూసి, వాళ్ళు రాసినట్టే రాసేవాళ్ళం. అందరూ ‘చేనేత’ అని పెడుతున్నారు కదా అని సాంచా మీద నేసిన టవల్‌కు కూడా ‘చేనేత’ అని పెట్టాం. నాలుగు రోజులు ఆర్డర్లు బాగానే వచ్చాయి. అయిదో రోజు మా చిన్నమ్మ ఫోను చేసింది. వాళ్ళిల్లు చేతిమగ్గం మీదనే నడుస్తది. ఆమె ఒకటే మాట అడిగింది: “బిడ్డా, నీ సాంచా టవల్ చేనేత అయితే, మీ చిన్నాయన నేసిందాన్ని ఏమనాలె?”

మా దగ్గర జవాబు లేదు. సాంచా మీద పూటకు ఎన్ని తీస్తామో, గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి ఎన్ని తీస్తాడో మనకందరికీ తెలుసు. అంత తక్కువ ధరకు ‘చేనేత’ దొరుకుతుంటే, నిజం చేనేతను నిజం ధరకు ఎవరు కొంటారు? 2019-20 చేనేత గణనలో ఈ పనిలో ఉన్నవాళ్ళు 35 లక్షలకు పైగా తేలారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మనం తేలిగ్గా రాసుకున్న ఒక్క మాట వాళ్ళ కంచంలో చెయ్యి పెట్టినట్టే.

ఆ రోజే ఆ పోస్టు తీసేసి కొత్తగా రాశాం: ‘సోలాపూరులో మా ఇంట్లో, మా సాంచా మీద నేసిన టవల్.’ అమ్మకం పడిపోతుందని భయపడ్డాం. రెండు వారాలు నిజంగానే పడిపోయింది. తర్వాత ఒకామె “సాంచా అంటే ఏమిటండీ?” అని అడిగింది. సాంచా నడుస్తుండగా వీడియో తీసి పంపాం. ఆరు టవల్స్ తీసుకుంది. పండక్కి మళ్ళీ అడిగింది. సాంచా పని కూడా పనే. అందులోనూ మన చెమట ఉంది. సిగ్గుపడాల్సింది దానికి వేరే పేరు పెట్టినప్పుడే.

కాబట్టి మొదటి మాట: ఏది ఏదో స్పష్టంగా రాయండి. చేనేతయితే చేనేత, సాంచా అయితే సాంచా. పట్టుకు పట్టు, కలిపిందైతే కలిపింది. చేనేతవాళ్ళు 2006లో మొదలైన హ్యాండ్‌లూమ్ మార్కు తీసుకుని ఉంటే ఆ గుర్తు ఫొటోలో కనబడనివ్వండి. పట్టుకు సిల్క్ మార్కు కూడా అంతే. సోలాపూరు చాదరుకు, మొలకాల్మూరు చీరకు, బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. మన ఊరి పేరే మన ఆస్తి. దాన్ని ప్రతి పోస్టులో రాయండి.

రెండో మాట ఫొటోలు. పెద్ద కెమెరా అక్కర్లేదు. ముందు ఫోను అద్దం కొంగుతో తుడవండి. మన ఇళ్ళలో దూది దుమ్ము ఎంత ఉంటదో మీకు చెప్పాలా? పొద్దున ఎండ నేరుగా పడని కిటికీ పక్కన బట్ట పరచండి. ఫ్లాష్ వద్దు. జరీ మీద ఫ్లాష్ పడితే తెల్లగా మెరిసిపోయి పనితనం కనబడదు. ఒక్కో బట్టకు అయిదు ఫొటోలు చాలు: మొత్తం బట్ట, అంచు, కొంగు, వెనకవైపు, పక్కన అరచెయ్యి పెట్టి దగ్గర్నుంచి ఒకటి. అరచెయ్యి ఉంటే బుటా ఎంత ఉందో చూసేవాళ్ళకు తెలుస్తుంది. వెనకవైపు చూపిస్తే మనం ఏదీ దాచట్లేదని తెలుస్తుంది.

రంగు పెంచే ఫిల్టర్లు వాడకండి. మేము ఒకసారి మామిడిచిగురు రంగు బట్టకు ఫిల్టర్ వేశాం. ఫొటోలో ధగధగలాడింది. కొన్నామె “ఇది నేను చూసిన రంగు కాదు” అని వెనక్కి పంపింది. రెండువైపులా కొరియర్ ఖర్చు మా నెత్తిన పడింది. ఇప్పుడు ఒక ఫొటో పగటి వెలుతురులో, ఒకటి ట్యూబులైటు కింద తీసి రెండూ పెడుతున్నాం. రంగు గురించి గొడవ మళ్ళీ రాలేదు.

మూడో మాట వీడియో. ఫోనును నిలువుగా పెట్టండి. స్టాండు లేకపోతే స్టూలు మీద రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్య ఆనించండి. మేము ఏడాదంతా అట్లనే తీశాం. అర నిమిషం చాలు. సినిమా పాట పెట్టకండి. వ్యాపార ఖాతాలకు అన్ని పాటలూ వాడే అనుమతి ఉండదు. పాటకు హక్కులు లేకపోతే వీడియో మూగబోవచ్చు. అయినా మనకు పాట ఎందుకు? నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, పన్నె కొట్టే దెబ్బ, ఆసు పోసేటప్పుడు అత్తగారు వేలితో లెక్కపెట్టే గొంతు ఎవరి దగ్గర దొరుకుతాయి? మన చెవులకు అలవాటైపోయి మనకు వినపడట్లేదు. బయటివాళ్ళు అది విని ఆగిపోతారు.

ఏం మాట్లాడాలని చాలామంది అడుగుతారు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. కొనేవాళ్ళు మరాఠీవాళ్ళయితే మరాఠీలో, తమిళులైతే తమిళంలో, ఒడియావాళ్ళయితే ఒడియాలో చెప్పండి. తరతరాలుగా ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళం, ఆ భాషలు మనవే. కానీ పడుగు, పేక, నాడె, కండె అనే మాటలను మాత్రం తెలుగులోనే ఉంచండి. చూసేవాళ్ళు అర్థం అడుగుతారు, అక్కణ్ణుంచే మాట కలుస్తుంది. మా పిల్లలకు ఆ మాటలు సగం ఈ వీడియోల వల్లనే వచ్చాయి. అది మేము అనుకోని లాభం.

చింతకింది మల్లేశం గారు మనకందరికీ తెలుసు. ఆసు పోసీ పోసీ తల్లి లక్ష్మి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. ఆ కథ విన్నవాళ్ళకు గుర్తుండేది యంత్రంలోని మోటారు కాదు, తల్లి భుజం. మన ప్రతి బట్ట వెనకా అలాంటి భుజం ఒకటి ఉంది. బట్టను ఒక్కదాన్నే చూపించకుండా ఆ మనిషిని కూడా చూపించండి. కానీ అడిగి చూపించండి. మామగారు మొదట ముఖం వద్దన్నారు. ఆరు నెలలు చేతులు మాత్రమే తీశాం. ఒకరోజు ఆయనే అడిగారు: “ఎప్పుడు జూసినా చేతులేనా? నేను లేనా?”

నాలుగో మాట అమ్మకం. వాట్సాప్ బిజినెస్ ఉచితం. అందులో కేటలాగు పెట్టుకోవచ్చు. పొడవు, వెడల్పు, నూలు రకం, ఉతికే పద్ధతి, ధర, పంపడానికి పట్టే రోజులు అన్నీ రాయండి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని రాస్తే చాలామంది వెళ్ళిపోతారు. బ్రాడ్‌కాస్ట్ పంపితే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అందుకే మొదటిసారి కొన్న రోజే నంబరు సేవ్ చేసుకోమని అడగండి. రోజూ అందరికీ పంపి విసిగించకండి. మేము వారానికి మూడే పెడతాం: సోమవారం పని, బుధవారం బట్ట, శనివారం కొన్నవాళ్ళ మాట. మూడింటికీ ఆదివారం గంటసేపు కూర్చుని తీసుకుంటాం. పిల్లల చదువు పాడుకాదు, మగ్గం ఆగదు.

కొన్ని జాగ్రత్తలు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టక్కర్లేదు. ‘ఈ కోడ్ స్కాన్ చేస్తే మీకు డబ్బులు వస్తాయి’ అని ఎవరన్నా అంటే ఫోను పెట్టేయండి. కొత్త డిజైను బట్ట అమ్మకానికి సిద్ధం కాకముందే పూర్తిగా చూపించకండి, మరునాటికల్లా ఎవరో ఒకరు దింపేస్తారు. కొన్నవాళ్ళ ఫొటో వాళ్ళనడిగే పెట్టండి. బీడీలు చుట్టుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ ఇది కూడా చేసే అక్కలు ఒక్కరే మొయ్యకండి. ఫొటో ఒకరు, రాయడం ఒకరు, జవాబులు ఒకరు చూసుకోండి.

చూసినవాళ్ళ లెక్కకు మోసపోకండి. మాకు అన్నిటికన్నా ఎక్కువమంది చూసిన వీడియోలో పిల్లి కండెల బుట్టలో పడుకుంది. దానితో ఒక్క టవల్ కూడా పోలేదు. కొద్దిమందే చూసిన మామగారి వీడియోతో మాత్రం రెండు గోడ బొమ్మలకు ఆర్డరొచ్చింది. లైకులతో బియ్యం రావు. నమ్మి మళ్ళీ అడిగేవాళ్ళతో వస్తాయి.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ రోజునే 2015 నుంచి జాతీయ చేనేత దినం చేసుకుంటున్నాం. ఆనాడు జనం మన బట్ట కొన్నది అది మన దేశపు బట్టేనని నమ్మి. ఈనాడు ఆ నమ్మకం ఇవ్వాల్సింది మనమే. దానికి కావలసిన ఫోను ఇంట్లోనే ఉంది.

ఈ మాటలు సంచికలో వచ్చాక మీరు ఫోనులోనే చదువుతారు. చదివాక ఆ ఫోను పక్కన పెట్టేయకండి. లేచి మగ్గం దగ్గరికి వెళ్ళి అర నిమిషం తీయండి. పేరు నిజం రాయండి, ఊరు రాయండి. చిన్నమ్మ అడిగితే తలెత్తి జవాబు చెప్పగలిగేలా రాయండి.