వేంగినాటి మట్టికోటలు

కోట అనగానే కొండపల్లియో, కొండవీడో, గోలకొండయో మన మనస్సున మెదలును. ఎత్తైన కొండ, దానిపై రాతిగోడ, బురుజులు, పైకప్పులేని రాజసౌధము - ఇవి కనిపించనిచోట కోట ఉండెనన్నచో నమ్ముట కష్టము. అందుచేతనే విజయవాడనుండి రాజమహేంద్రవరమునకు రైలులో పోవు ప్రయాణికుడు ఏలూరు, దెందులూరు, భీమడోలు, తాడేపల్లిగూడెము దాటునప్పుడు వరిచేలను, కాలువలను, కొబ్బరిచెట్లను మాత్రమే చూచును. శతాబ్దులపాటు తెలుగుదేశము నేలిన ఒక రాజధానికి కొలది మైళ్ల దూరములో తాను పోవుచున్నానను ఊహయే అతనికి కలుగదు. ఈ ప్రాంతపు కోటలను చూచుటకు కన్నులకు కొంత అలవాటు కావలయును. ఆ అలవాటునుగూర్చియే నేటి ప్రసంగము.

మన పూర్వులు దుర్గములను గిరిదుర్గము, వనదుర్గము, స్థలదుర్గము, జలదుర్గము అని విభజించినారు. కొండపల్లి గిరిదుర్గము. రెడ్డిరాజులు కట్టినారు, గజపతులు పట్టినారు, పదునారవ శతాబ్ది ఆరంభమున కృష్ణదేవరాయలు గెలిచినాడు. ఎవరు వచ్చినను, ఎవరు పోయినను, రాయి అక్కడనే ఉన్నది. ఇక కొల్లేటి నాటిలో రాయి యెక్కడిది? ఇది గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రునేల. ఇచ్చట కోట కట్టదలచినవానికి చేతికందినవి మన్ను, ఇటుక, కలప, నీరు. మన్ను మరల మన్నులోనే కలిసిపోవును. కలప చివికిపోవును. ఇటుకను తరువాతివారు తమ యిండ్లకు కొనిపోవుదురు. నీరు దారి మార్చుకొనును. కోటలు ఉండినవి, నిలుచు పదార్థముతో కట్టినవి కావు. అంతే భేదము.

అవి ఇన్ని యెందుకు లేచినవని అడుగవచ్చును. కృష్ణా గోదావరుల నడుమ నున్న ఈ నేల ధాన్యాగారము, అంతేకాదు, సరిహద్దు. ఉత్తరమునుండి దక్షిణమునకు, పడమటినుండి సముద్రమునకు పోవు ప్రతి సేనకును ఇది దారి. నాలుగవ శతాబ్దిలో సముద్రగుప్తుని దండయాత్రను వర్ణించు అలహాబాదు స్తంభశాసనములో వేంగి రాజు హస్తివర్మ పేరు కలదు. క్రీ.శ. 634నాటి ఐహోళె శాసనము రెండవ పులకేశి విజయములను చెప్పుచు కునాల సరస్సు నొద్ద జరిగిన ఘోరయుద్ధమును పేర్కొన్నది. ఆ సరస్సు మన కొల్లేరేయని చరిత్రకారుల అభిప్రాయము. పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు ఇచ్చటనే తూర్పు చాళుక్యవంశమును నెలకొల్పినాడు. ఆ తరువాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, చోళులు వేంగికొరకు పోరాడినారు. చివరకు గజపతులు, గోలకొండ సుల్తానులు వచ్చినారు. ఇందరు పోరాడిన నేలపై కోటలు లేకపోవునా?

ఏలూరికి ఉత్తరముగా పన్నెండు కిలోమీటర్ల దూరములో పెదవేగి యున్నది. ఇదియే వేంగీపురము. శాలంకాయనులకును, వారి తరువాత చాళుక్యులకును రాజధాని. మేము ఆ గ్రామమునకు పోయినప్పుడు మొదట కనిపించినవి ఆయిల్‌పామ్ తోటలు, వాని నడుమ అక్కడక్కడ దిబ్బలు. తెలియనివారికి అవి గట్లవలె తోచును. అయితే దిబ్బ అంచున వాన కోసిన చోట నిలిచి చూచినచో ఇటుకల వరుస కనిపించును. ఆ యిటుక నేటి మన యిటుకకంటె ఎంతో పెద్దది. కాలిక్రింద కుండపెంకులు గలగల లాడును. దుక్కి దున్నునప్పుడు నాగలికి పెంకులు తగులుట తమకు చిన్ననాటినుండి అలవాటేయని అచ్చటి రైతులు మాతో చెప్పినారు. 1980 దశకమున కేంద్ర పురావస్తుశాఖవారు ఇచ్చట త్రవ్వకములు జరిపి ఇటుక కట్టడముల పునాదులను బయల్పరచినారు. త్రవ్వినది కొంత, త్రవ్వవలసినది ఇంకను ఎంతో కలదు.

శాలంకాయనులనుగూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువభాగము కొన్ని రాగిరేకులవలననే. వారిలో విజయదేవవర్మ అనునతడు అశ్వమేధము చేసినాడు. ప్రాకృతభాషలోనున్న అతని తామ్రశాసనము వేంగీపురమునుండి ఏలూరు గ్రామవాసులను ఉద్దేశించి వెలువడిన ఆజ్ఞ. అనగా, పదునారువందల యేండ్లకు పూర్వమే ఏలూరను ఊరు ఉండెను, ఊరిపెద్ద యుండెను, వారికి రాజాజ్ఞ చదివి వినిపించువా డుండెను. పెదవేగిలో దొరికిన నందివర్మ శాసనము మరికొందరు రాజుల పేర్లను మనకిచ్చినది. వారందరు తమ దైవమైన చిత్రరథస్వామిని స్మరించినారు. ఆ రేకులు దొరికినవారు రాగి వెలకు కంసాలికి అమ్మియుండినచో ఒక రాజవంశమే చరిత్రలో లేకపోయెడిది. అట్లు కరగిపోయినవి ఎన్నియో!

ఏలూరులో కోటదిబ్బ అను పేటయున్నది. సుల్తానుల కాలమున కట్టిన ఏలూరికోటకు వేంగి శిథిలములనుండియే సామగ్రి తెచ్చినారని పూర్వపు జిల్లా గ్రంథములు వ్రాసినవి. ఒక కోటను విప్పి మరియొక కోట కట్టుకొనినారన్నమాట. నేడు ఆ రెండవకోటకును పేరే మిగిలినది. కాని పేరును తక్కువగా చూడరాదు. కామవరపుకోట, కొల్లేటికోట, చిగురుకోట - ఈ ఊళ్ల పేర్లు ఎవరును చెక్కకుండనే నిలిచిన శాసనములు.

వీనిలో కొల్లేటికోట చూడదగినది. సరస్సు మధ్య ద్వీపము. అందు పెద్దింట్లమ్మ ఆలయము. ఫాల్గుణమాసమున జాతరకు ఊళ్లకు ఊళ్లే తరలివచ్చును. ఇది అసలైన జలదుర్గము. గజపతులు ఇచ్చట కోటకట్టి యుండగా శత్రువులు ఒడ్డున చిగురుకోటవద్ద విడిసినారట. పడవలపై వచ్చి గెలువలేక సేనాని సరస్సునీటిని సముద్రములోనికి మరలించుటకు కాలువ త్రవ్వించినాడట. పని నెరవేరుటకై కన్నకూతురినే బలియిచ్చినాడట. అందుచేతనే ఉప్పుటేటికి పేరంటాలకనుమ అను పేరు వచ్చెనని ఐతిహ్యము. ఇది చరిత్ర యగునో కాదో గాని ఇందొక సత్యము కలదు. ఈ కోటకు గోడ నీరే. ఆ నీటిని తీసివేసినవాడే కోటను కూల్చినవాడు. రాళ్లను మాత్రమే వెదకుచు వచ్చినవాడు అక్కడ ఏమియు లేదని తిరిగిపోవును. నీటిని చూచినవాడు కోటను చూచినట్లే.

ఇప్పుడు ఆ నీటికిని, ఆ మట్టికిని వచ్చిన గండమును చెప్పవలయును. గడచిన శతాబ్ది చివరి దశకములలో కొల్లేటిలో చేపలచెరువుల గట్లు లేచినవి. 1999లో ప్రభుత్వము అయిదవ కాంటూరువరకు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో ఇది రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో అక్రమముగా వేసిన గట్లను కొట్టివేసినారు. పక్షులకొరకు, వరదనీటికొరకు వాదించువారు ఉన్నారు, అది న్యాయమే. కాని దిబ్బలపక్షమున మాటలాడువారు అరుదు. నాగలి జానెడు లోతు మాత్రమే కదల్చును. యంత్రము ఒక్క పూటలో పురుషుడెత్తు త్రవ్వి లారీలో పోయును. వేయేండ్లు పొరలుపొరలుగా పేరుకొన్న మన్ను మెరకకు పోయినచో దానిని మరల పేర్చువాడు లేడు. రాతికోట కూలినను రాళ్లుండును. మట్టికోట కదలినచో సాక్ష్యమే పోవును.

దీనికొరకు రైతును నిందించుట తగదు. పొలము అతని జీవనాధారము. దిబ్బ విలువ అతనికి చెప్పినవారెవరు? చెప్పినచో వినని రైతును మేము చూడలేదు. భూమిలో పాతియున్న పది రూపాయలకు మించిన వెలగల వస్తువు దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878నాటి నిక్షేపముల చట్టము చెప్పుచున్నది. తెలిపినవానికి నష్టమే కలుగునను భయము పల్లెలలో ఉన్నది. ఆ భయమును పోగొట్టుట అధికారుల విధి, ఉపాధ్యాయుల విధి, మావంటివారి విధి.

శ్రోతలు సెలవుదినమున ఈ ప్రాంతమునకు పోదురుగాక. ముందుగా ఊరి పెద్దలను పొలముల పేర్లు అడుగుడు. కోటదిబ్బ, అగడ్త, బురుజుచేను అను పేరు వినిపించినచోట ఆగుడు. వానవెలసిన మరునాడు ఏటవాలు వెలుగులో దిబ్బ వంపును చూడుడు. సమతలమున లేచిన గీత మీకు తప్పక కనిపించును. పెంకు కనిపించినచో చూచి అక్కడనే ఉంచుడు. చోటు తప్పిన పెంకునకు నోరు లేదు. అక్షరములున్న రాయియో, రేకో కనిపించినచో పురావస్తుశాఖకు ఒక ఉత్తరము వ్రాయుడు. పిల్లలను వెంట తీసికొనిపోవుడు. తమ యూరి గట్టు ఒకనాడు రాజధాని ప్రాకారమని తెలిసిన పిల్లవాడు పెరిగి పెద్దవాడైన పిమ్మట ఆ గట్టుపై పలుగు వేయుటకు ఒకమారు ఆలోచించును. వేంగికి నేడు కావలసిన కావలి అదియే.