ఆట ఆరింటి దాకా, బస్సు ఐదింటికే

(స్వర్ణోత్సవ సభలో మన పూర్వ విద్యార్థి, ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు నాకు పావుగంట ఇచ్చారు. “ఆర్టీసీలో అన్నేళ్లు చేశావు కదా, నీ అనుభవాలు చెప్పు” అన్నారు. కండక్టరు అనుభవాలు మొదలుపెడితే చిల్లర గొడవల దగ్గరే పావుగంట అయిపోతుంది. కనుక అవి పక్కన పెట్టి ఒక్క సంగతే మాట్లాడతాను. మన పిల్లలకూ ఆట స్థలానికీ మధ్య ఒక బస్సు ఉంది. ఆ బస్సు గురించి.

ఉమ్మడి జిల్లాగా ఉన్నన్నాళ్లూ జిల్లా స్థాయి సెలక్షన్స్ అంటే చాలామట్టుకు ఖమ్మమే. భద్రాచలం నుంచి ఖమ్మం సుమారు 120 కిలోమీటర్లు. వాజేడు, వెంకటాపురం కూడా అప్పుడు మన జిల్లాలోవే. ఆ ఊళ్ల పిల్లవాడు పొద్దున తొమ్మిదింటికి సర్దార్ పటేల్ స్టేడియంలో నిలబడాలంటే ముందురోజే ఇల్లు వదలాలి. నా డ్యూటీలో అలాంటి పిల్లల్ని ఎందరినో చూశాను. చేతిలో ఒక సంచి, అందులో నిక్కరు, బనీను, అమ్మ కట్టిచ్చిన అన్నం. రాత్రి బస్టాండు బెంచీ మీద పడుకుని, తెల్లారి కుళాయి దగ్గర మొహం కడుక్కుని పరుగు పందేనికి పోయేవారు. ఖమ్మం టౌను పిల్లవాడు ఇంట్లో టిఫిన్ చేసి సైకిల్ మీద వచ్చేవాడు. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి విజిల్ ఊదేవారు. గెలిచినవాడికి కప్పు ఇచ్చారు, మంచిదే. ఓడినవాడు ఎక్కడ ఓడాడో మాత్రం ఏ స్కోరు షీటులోనూ ఉండదు.

2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చాక దూరం తగ్గింది. భద్రాచలం నుంచి కొత్తగూడెం నలభై కిలోమీటర్లే. కానీ సరిహద్దు చేసిన చిత్రం ఇంకొకటి ఉంది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకున్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయగూడెం, పిచుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. చర్ల బస్సు భద్రాచలంలో బయలుదేరి, కాసేపు ఆ రాష్ట్రంలో నడిచి, మళ్లీ ఈ రాష్ట్రంలోకి వస్తుంది. ఎటపాక పిల్లవాడికి భద్రాచలం మైదానం నడిచిపోయే దూరం. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అతని జిల్లా కేంద్రం పాడేరు అయింది. అక్కడికి పోవాలంటే కొండలూ ఘాట్లూ దాటాలి. పటం గీసినవాళ్లు బస్సెక్కి చూసి ఉండరని నా అనుమానం.

ఇక మన ప్రాంతంలో అందరికీ తెలిసిన స్టేడియం ఏది? భద్రాచలంలో మిథిలా స్టేడియం. పేరు స్టేడియమే గానీ దేశమంతటికీ అది తెలిసింది ఆటల వల్ల కాదు, శ్రీరామనవమి నాటి సీతారాముల కల్యాణం వల్ల, మర్నాటి పట్టాభిషేకం వల్ల. ఆ రెండు రోజులూ ఆర్టీసీ ఎలా పనిచేస్తుందో లోపలి నుంచి చూసినవాణ్ణి నేను. హైదరాబాదు నుంచి, ఖమ్మం నుంచి, ఇటు కొత్తగూడెం నుంచి స్పెషల్ బస్సులు. ఇతర డిపోల నుంచి బండ్లు, సిబ్బంది. ఎక్కడ దింపాలి, ఎక్కడ ఎక్కించాలి, కల్యాణం ముగిసిన గంటలో ఎన్ని బండ్లు సిద్ధంగా ఉండాలి, అన్నీ ముందే కాగితం మీద ఉంటాయి. రాలేనివారికి తలంబ్రాలు కూడా కార్గోలో ఇంటికే పంపుతున్నారు ఈ మధ్య. రాముడి పెళ్లికి చేయాల్సిందే, అందులో మారుమాట లేదు. నేను గమనించింది ఏమిటంటే, జనం ఒక చోటికి చేరాలని గట్టిగా అనుకుంటే బస్సు తన టైము మార్చుకుంటుంది.

బయట కూడా ఇదే నడుస్తోంది. హైదరాబాద్ మెట్రోలో ఉప్పల్ క్రికెట్ మైదానం దగ్గర ఆగే స్టేషన్ పేరే ‘స్టేడియం’. మ్యాచ్ ఉన్న రాత్రి మెట్రో రైళ్లు ఆలస్యంగా కూడా నడుస్తాయి, ఆర్టీసీ అదనపు బస్సులు వేస్తుంది. చెన్నైలో 2023 ఐపీఎల్‌కు మ్యాచ్ టికెట్ ఉన్నవాళ్లను మెట్రోలో ఉచితంగా తీసుకెళ్లారు. జర్మనీలో చాలా ఫుట్‌బాల్ మ్యాచ్‌ల టికెట్టే ఆ రోజుకు బస్సు టికెట్టు, రైలు టికెట్టు కూడా. అయితే ఇవన్నీ ఆట చూసేవాళ్ల కోసం చేసిన ఏర్పాట్లు. ఆడేవాళ్ల కోసం, అందులోనూ రోజూ సాయంత్రం ప్రాక్టీసు చేసే పద్నాలుగేళ్ల పిల్ల కోసం ఎవరు బస్సు ఆపుతారు?

మన బడి సంగతికి వస్తున్నాను. నాలుగుంబావుకు గంట కొడతారు. పీఈటీ మేడం నెట్ కట్టి, పిల్లలు వరుసలో నిలబడేసరికి నాలుగున్నర దాటుతుంది. అడవి వైపు ఊళ్లకు పోయే చివరి పల్లెవెలుగు ఐదింటికి. అంటే ఆ ఊళ్ల పిల్లలకు ఆట ఇరవై నిమిషాలు. కబడ్డీలో చెమట పట్టేలోపు సంచీ భుజాన వేసుకోవాలి. మగపిల్లలు ఏదో ఆటో పట్టుకునో, బండి వెనక కూర్చునో పోతారు. ఆడపిల్లలను ఇంట్లో వాళ్లు అలా రానివ్వరు, రానివ్వకపోవడంలో తప్పూ లేదు. అందుకే ఏడో తరగతిలో టీములో ఉన్న అమ్మాయి తొమ్మిదికి వచ్చేసరికి ఉండదు. ఆసక్తి పోయింది అనుకుంటాం.

దీనికి ప్రభుత్వం దగ్గర ఉన్న పాత జవాబు హాస్టల్. కిన్నెరసానిలో గిరిజన పిల్లల క్రీడా పాఠశాల ఉంది, ఏజెన్సీ అంతటా ఆశ్రమ పాఠశాలలున్నాయి. పిల్లను మైదానం దగ్గరే ఉంచేస్తే బస్సు గొడవ లేదు. మంచి పద్ధతే, కానీ అందరూ ఇల్లు వదలలేరు కదా. రెండో జవాబు 2022లో వచ్చింది, ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం. కొన్ని ఊళ్లలో పిల్లలు ఆడుతున్నారు. కొన్ని ఊళ్లలో బోర్డు ఉంది, దాని చుట్టూ గడ్డి ఉంది, గడ్డిలో మేకలున్నాయి. నేర్పేవాడు, నెట్ కట్టేవాడు లేకుండా స్థలం ఒక్కటే ఆట కాదు. నేర్పే టీచరు మన బడిలో ఉంది, మైదానం మన బడిలో ఉంది. లేనిది గంటంపావు సమయం.

ఇక్కడ డిపో లెక్క కొంచెం చెప్పాలి, ఓపిక పట్టండి. ఏ ట్రిప్పుకైనా కిలోమీటరుకు ఎంత వచ్చిందో చూస్తారు. ఈపీకే అంటాం. పాసుల పిల్లలతో కిక్కిరిసిన బస్సు కంటికి నిండుగా కనిపిస్తుంది, క్యాష్ బ్యాగులో మాత్రం ఏమీ ఉండదు. అందుకే సాయంత్రం ట్రిప్పుల మీద మాకు ప్రేమ తక్కువ. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు జీరో టికెట్ కొడతారు, ఆ డబ్బు ప్రభుత్వం సంస్థకు లెక్కగట్టి ఇవ్వాలి. అంటే ప్రాక్టీసు అయిపోయి బస్సెక్కే ఇరవై మంది అమ్మాయిలు ఇప్పుడు డిపో పుస్తకాల్లో ఇరవై టికెట్లు. ఐదింటి ట్రిప్పును వారానికి మూడు రోజులు ఆరుంబావుకు జరపమని అడిగితే, మనం దయ చూపమని అడగడం లేదు. లెక్క చూసుకోమంటున్నాం. టికెట్ ఉచితమైంది సరే, బస్సే లేనప్పుడు ఉచితం దేనికి?

అడ్డంకి ఒకటుంది, నేనే చెప్తాను. ఆ ఐదింటి బస్సులో కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు ఉంటారు, సంతకు వచ్చిన ముసలివాళ్లు ఉంటారు. వాళ్లను గంటంపావు ఆపడం అన్యాయం. కనుక సంత రోజు ముట్టుకోవద్దు. మిగతా రోజుల్లో ఏవి జరపాలో ఆ ఊళ్ల వాళ్లనే అడిగి రాయాలి. ఒకప్పుడు బంద్ పిలుపులకు భయపడి అడవి రోడ్డులో రాత్రి సర్వీసులు ఆపేసేవాళ్లం. నైట్ హాల్ట్ బస్సులు పోయింది చాలా చోట్ల అలాగే. ఆ భయం తగ్గినా టైములు వెనక్కి రాలేదు. అడిగినవాళ్లు లేరు.

రెండో సగం మైదానానిది. బడి వదిలాక మన గేటుకు తాళం పడుతుంది. హెడ్మాస్టరు గారి భయం నాకు తెలుసు. పొద్దున వచ్చేసరికి సీసా పెంకులు, విరిగిన కిటికీ. ఆయన భయం న్యాయమైనదే. కానీ ఊరి కుర్రాళ్లకు గేటు మూసి, ఏదో ఒక మీటింగుకు మాత్రం తెరిస్తే, పందిరి గుంజలు పాతిన గుంతల్లో మర్నాడు మన పిల్లల కాళ్లు మడతపడతాయి. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటినప్పుడు బడులే జనానికి నీడ అయ్యాయి. అప్పుడు తాళం ఎవరిదని ఎవరూ అడగలేదు. కొత్తగూడెంలో ప్రకాశం స్టేడియం సింగరేణిది. అయినా అక్కడ ఊరంతటి సభలూ వేడుకలూ జరుగుతాయి. సొంతదారుడు ఒకడు, వాడుకునేవాళ్లు పదిమంది అనేది మనకు కొత్త కాదు. ఎవరు ఎప్పుడు వాడాలి, పాడైతే ఎవరు బాగుచేయాలి అన్నది రాతలో ఉంటే చాలు.

అందుకని కమిటీ ముందు ఒక మాట పెడుతున్నాను. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు ఆర్చి కట్టాలని అనుకున్నారు. ఆర్చి అందంగా ఉంటుంది, మన పేర్లూ ఉంటాయి. నేనూ చందా ఇచ్చాను, వెనక్కి అడగను. కానీ అదే డబ్బుతో మైదానానికి క్లాసు గదులతో సంబంధం లేని విడి గేటు, నాలుగు లైట్లు, ఒక మంచినీళ్ల కుళాయి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి వస్తాయి. సాయంత్రం ఆరున్నర దాకా బడి పిల్లలు, ఆ తర్వాత ఊరివాళ్లు. తాళం చెవి ఒక మనిషి దగ్గర, ఆ మనిషికి నెలకు ఇంత అని మన సంఘం ఇవ్వాలి. ఈ చివరిది మరిచిపోతే మిగతావన్నీ ఆరు నెలల్లో పాడవుతాయి. లైట్లు కొనడానికి దాతలు దొరుకుతారు, కరెంటు బిల్లు కట్టడానికి దొరకరు. ఇది నా సర్వీసులో నేర్చుకున్నది.

కొందరు మిత్రులకు ఆర్చి మీద మనసుందని తెలుసు. గొడవ వద్దు. ముందు గేటు, లైట్లు అయ్యాక మిగిలితే ఆర్చి కట్టుకుందాం. చిన్నదే కట్టుకుందాం.

డిపో మేనేజరు గారికి ఇవ్వాల్సిన దరఖాస్తు రాసి తెచ్చాను. ఏ ఊరి నుంచి ఎంతమంది పిల్లలో పీఈటీ మేడం లెక్క ఇచ్చారు, అది కూడా జత చేశాను. హెడ్మాస్టరు గారి సంతకం, ఆ ఊళ్ల పెద్దల సంతకాలు, మన సంఘం ముద్ర కావాలి. భోజనాల దగ్గర కుడివైపు మొదటి టేబుల్ మీద పెడుతున్నాను. చేతులు కడుక్కునే ముందే సంతకం చేయండి, కాగితం పాడవకుండా ఉంటుంది. సోమవారం పొద్దున మొదటి బస్సుకు నేనే తీసుకుపోతాను.