పౌండ్రకుడి మెసేజ్

(ఆడిటర్లు, పన్ను సలహాదారుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)

భోజనాల తర్వాత వేసిన ఉపన్యాసం కనుక ముందుగా నిద్ర వదిలించే సంగతులు రెండు మూడు చెబుతాను.

2024 సెప్టెంబరు 20న మన సుప్రీంకోర్టు యూట్యూబ్ చానెల్ తెరిచినవాళ్లకు వాదనల బదులు ఎక్స్‌ఆర్‌పీ అనే క్రిప్టో నాణెం గురించిన వీడియో దర్శనమిచ్చింది. చానెల్‌ను ఎవరో చేజిక్కించుకున్నారు. అంతకు దాదాపు మూడేళ్ల ముందు, 2021 డిసెంబరు 12 తెల్లవారుజామున ప్రధాని ట్విటర్ ఖాతాలో ఒక ట్వీటు వెలిసింది. భారతదేశం బిట్‌కాయిన్‌ను చట్టబద్ధం చేసిందట, ప్రభుత్వం 500 బిట్‌కాయిన్లు కొని జనానికి పంచుతోందట. కాసేపట్లోనే తీసేశారనుకోండి. ఇక అమెరికాలో షేర్ మార్కెట్లను నియంత్రించే ఎస్‌ఈసీ సంగతి చూడండి. 2024 జనవరి 9న వారి ఎక్స్ ఖాతాలో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతి ఇచ్చేశామన్న ప్రకటన వచ్చింది. ధర ఎగిరింది, అబద్ధమని తేలగానే పడింది. ఆ ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరును దొంగలు సిమ్ స్వాప్ చేసి, అంటే అదే నంబరును తమ సిమ్‌కు మార్పించుకుని, లాక్కున్నారు. మదుపర్లకు జాగ్రత్తలు బోధించే ఆ సంస్థ తన ఖాతాకు ఉన్న రెండంచెల తనిఖీని ఆరు నెలల ముందే తీయించుకుని కూర్చుంది. అసలు అనుమతి మర్నాడే రావడం మరో విడ్డూరం.

ఈ మూడూ నకిలీ ఖాతాలు కావు. పేరు అసలుదే, టిక్కు అసలుదే, లోపల కూర్చున్నవాడే వేరు. అందుకే ‘ఖాతా అసలుదో కాదో చూసుకోండి’ అన్న సలహా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తెర మీద మనిషిని గుర్తుపట్టడం మన వల్ల అయ్యే పని కాదు. వాడు మన దగ్గర ఏమి అడుగుతున్నాడన్నది మాత్రం మనం ఎప్పుడైనా చూడగలం. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా వివరం.

ఈ వివరం మీకెందుకంటారా? క్రిప్టో ఉన్న క్లయింటు జులైలో మీ దగ్గరికి వస్తాడు. 30 శాతం పన్ను, 1 శాతం టీడీఎస్, ఒక నాణెంలో నష్టాన్ని ఇంకో నాణెం లాభంలో సర్దుకోనివ్వరా అన్న సణుగుడు, అన్నీ అయ్యాక లేచి నిలబడి ‘సార్, ఇంకో చిన్న విషయం’ అంటాడు. భార్యకు చెప్పని నష్టం ఆడిటరుకు చెబుతాడు. కాబట్టి పోలీసులకంటే ముందు వినేది మీరే.

ఇక ఆ ‘చిన్న విషయం’ ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. క్రిప్టో దాచుకునే ఒక వాలెట్ కంపెనీకి టెలిగ్రామ్‌లో గ్రూపు ఉంటుంది, అందులో వేలమంది. మీ క్లయింటు రాత్రి పదకొండింటికి ‘రెండ్రోజులుగా విత్‌డ్రా పెండింగ్ అంటోంది, ఎవరికైనా తెలుసా?’ అని రాస్తాడు. గ్రూపులో ఎవరూ పలకరు. నిమిషం తిరక్కుండా విడిగా ఒక మెసేజ్ మాత్రం వస్తుంది. కంపెనీ లోగో, అడ్మిన్ ఫొటో, అడ్మిన్ పేరు. ‘నమస్తే సర్, మీ సమస్య చూశాం, టికెట్ తెరిచాం.’ రెండ్రోజులు ఎవరూ పట్టించుకోని మనిషికి ఆ మర్యాదే మందులా పనిచేస్తుంది. 

టెలిగ్రామ్‌లో పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. ఒకే పేరు వెయ్యిమంది పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్ ఒక్కటే ఒకరికి మించి దక్కదు. దానికీ దొంగల దగ్గర విరుగుడు ఉంది. ఇంగ్లిషు చిన్న ‘ఎల్’, పెద్ద ‘ఐ’ తెర మీద ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని చోట ఇంకోటి పెట్టేస్తారు. ఇంకా ఆరితేరినవాళ్లు తమ యూజర్‌నేమ్ ఖాళీగా వదిలేసి, కిందనున్న బయోలో అసలు అడ్మిన్ యూజర్‌నేమ్ రాసుకుంటారు. జాగ్రత్తపరుడు ప్రొఫైల్ తెరిచి చూస్తాడు, సరిగ్గా అదే పేరు కనిపిస్తుంది. చూసి మరీ మోసపోతాడన్నమాట.

తర్వాత ఒక లింకు వస్తుంది. ‘మీ వాలెట్ సర్వరుతో సింక్ కాలేదు సర్, ఇక్కడ వాలిడేట్ చేయండి.’ ఆ పేజీలో లోకంలోని వాలెట్ల గుర్తులన్నీ వరసగా ఉంటాయి. మనవాడు తనది నొక్కుతాడు. ‘కనెక్ట్ అవుతోంది’ అని చక్రం తిరుగుతుంది. తర్వాత ఎర్రక్షరాల్లో ‘కనెక్షన్ విఫలమైంది, మాన్యువల్‌గా కనెక్ట్ చేయండి’ అని వస్తుంది. ఏది నొక్కినా, ఎన్నిసార్లు నొక్కినా విఫలమే అవుతుంది, ఎందుకంటే ఆ పేజీ చేయవలసిన పనే అది. మాన్యువల్ అంటే పన్నెండు ఖాళీ గళ్లు. అందులో సీడ్ ఫ్రేజ్ రాయమంటుంది.

సీడ్ ఫ్రేజ్ తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. వాలెట్ మొదలుపెట్టినప్పుడు అది మనకు పన్నెండో, ఇరవై నాలుగో మాటలు ఇస్తుంది. 2,048 మాటల జాబితాలోంచి యాదృచ్ఛికంగా ఏరినవి. ఆ మాటలు వరసగా తెలిసినవాడిదే ఆ డబ్బు. సంతకం అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. అసలు సపోర్టు మనిషికి ఆ మాటలతో పనే లేదు. మీ విత్‌డ్రా ఎందుకు ఆగిందో చూడటానికి లావాదేవీ నంబరు చాలు, అది బ్లాక్‌చెయిన్‌లో ఎవరైనా చూడగలిగిందే. బిట్‌కాయిన్‌కు, ఈథరియమ్‌కు బ్రాంచి లేదు, కస్టమర్ కేర్ లేదు. లేని కౌంటరు వెనక నుంచి ఎవరో పలకరిస్తున్నారంటే ఎవరై ఉంటారో మీరే ఆలోచించండి.

పాస్‌వర్డు అడిగితే అనుమానించేవాళ్లు కూడా ఒకచోట, హెచ్చరిక దగ్గర, బోల్తా పడతారు. భాగవతంలో పౌండ్రక వాసుదేవుడు గుర్తున్నాడా? కరూష దేశపు రాజు. కృత్రిమంగా చేయించిన శంఖచక్రాలు తగిలించుకుని, నేనే వాసుదేవుణ్ణని ఊరేగాడు. అంతటితో ఆగితే వెర్రివాడనుకునేవాళ్లం. ద్వారకకు దూతను పంపి, ‘నా గుర్తులు నువ్వు పెట్టుకు తిరుగుతున్నావు, వాటిని వదిలేసి నా శరణు కోరు’ అని కృష్ణుడికే కబురు పెట్టాడు. నిండు సభ పకపకా నవ్వింది. మన గ్రూపుల్లో మాత్రం ఎవరూ నవ్వరు. అసలు గ్రూపుకు నకలు గ్రూపు కట్టి, అందరికంటే పైన ‘జాగ్రత్త! మా పేరుతో నకిలీ అడ్మిన్లు తిరుగుతున్నారు. మేము తప్ప ఎవరినీ నమ్మకండి’ అని పిన్ చేసేది ఈ కాలపు పౌండ్రకుడే. మోసాల గురించి హెచ్చరించేవాడు మోసగాడు కాడని మనకొక గుడ్డి నమ్మకం. దాన్ని వాళ్లు బాగా పసిగట్టారు.

ఈథరియమ్ సృష్టికర్త విటాలిక్ బుటెరిన్ 2018 ప్రాంతంలో ఈ బెడద పడలేక ట్విటర్‌లో తన పేరునే ‘ఈథర్ పంచిపెట్టని విటాలిక్’ అన్న అర్థం వచ్చేలా మార్చుకున్నాడు. ఆయన పేరుతో ‘ఒకటి పంపితే రెండు వాపసు’ అనే ఖాతాలు అంతగా పుట్టుకొచ్చాయి మరి. అంత జాగ్రత్తపరుడి ఖాతా కూడా 2023 సెప్టెంబరులో సిమ్ స్వాప్‌కు బలైంది. అందులోంచి పెట్టిన ఒక ఉచిత కానుక లింకు నొక్కి అభిమానులు 6 లక్షల 90 వేల డాలర్లకు పైగా పోగొట్టుకున్నారు.

ఫోన్లో వచ్చే మారువేషం ఇంకా ఘోరం. 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లో ఒక పెద్దమనిషికి గూగుల్ భద్రతా విభాగమంటూ ఫోన్ వచ్చింది. తర్వాత ఆయన ఖాతా ఉన్న ఎక్స్చేంజి నుంచంటూ ఇంకో ఫోన్ వచ్చింది. మీ ఖాతాలోకి ఎవరో చొరబడ్డారు, వెంటనే సరిచేద్దాం అన్నారు. ఒక ఫోన్ భయపెట్టింది, రెండో ఫోన్ ఆదుకుంది. తన కంప్యూటరు తెరను వాళ్లకు చూపించేదాకా నడిపించారు. 4,100కు పైగా బిట్‌కాయిన్లు పోయాయి, ఆనాటి విలువ 23 కోట్ల డాలర్లు. కేసులో మొదట పట్టుబడ్డవాళ్లు ఇరవై, ఇరవయ్యొక్క ఏళ్ల కుర్రాళ్లు.

మన వివరాలు వాళ్లకెలా తెలుస్తాయి? ఇక్కడ మన హైదరాబాద్ ప్రసక్తి వస్తుంది. 2025 మేలో అమెరికా ఎక్స్చేంజి కాయిన్‌బేస్ ఒక సంగతి బయటపెట్టింది. విదేశాల్లో తనకు పనిచేసే కస్టమర్ సపోర్టు మనుషుల్లో కొందరికి లంచమిచ్చి దొంగలు దాదాపు 70 వేలమంది ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఖాతా వివరాలు లాగారు. వాటితో కాయిన్‌బేస్ సిబ్బందిలా ఫోన్లు చేశారు. రెండు కోట్ల డాలర్లు ఇవ్వకపోతే ఆ డేటా బయటపెడతామని కంపెనీని బెదిరించారు. కంపెనీ ఒప్పుకోలేదు, అంతే సొమ్ము దొంగల్ని పట్టించినవారికి బహుమానంగా ప్రకటించింది. ఆ ఏడాది డిసెంబరు చివర్లో కాయిన్‌బేస్ అధిపతి బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్, తమ మాజీ సపోర్టు ఉద్యోగి ఒకరు భారత్‌లో అరెస్టయ్యారంటూ హైదరాబాద్ పోలీసులకు ధన్యవాదాలు చెప్పాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈసారి పట్టారు. మనకు కావాల్సిన నీతి వేరు. ఫోన్ చేసినవాడు మీ పేరు, చిరునామా, మొన్న కొన్న నాణెం లెక్కతో సహా చెప్పినంత మాత్రాన వాడు కంపెనీ మనిషి అయిపోడు.

చివరికి అంకెలు కూడా వేషం వేస్తాయి. క్రిప్టో చిరునామా చాంతాడంత పొడవు. మనం మొదటి నాలుగక్షరాలు, చివరి నాలుగక్షరాలు చూసి సరే అనుకుంటాం. అవి మాత్రం కలిసేలా దొంగ ఒక చిరునామా తయారుచేసి, మీ వాలెట్‌కు పైసో పరకో పంపి, మీ లావాదేవీల జాబితాలో దాన్ని కూర్చోబెడతాడు. ఇంకోసారి పంపేటప్పుడు మీరు పాత జాబితాలోంచి కాపీ కొడతారని వాడి ఆశ. 2024 మేలో ఒకరు ఇలాగే ఒక్క దెబ్బకు 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు (బిట్‌కాయిన్ ధరకే చెల్లే టోకెన్లు) పంపేశారు, దాదాపు 7 కోట్ల డాలర్లు. ఆ దొంగ ఎందుకో బేరాలాడి చాలావరకు తిరిగిచ్చాడు. మీ క్లయింటుకు అంత అదృష్టం ఉంటుందని లెక్కలు వేసుకోకండి.

ఈమధ్య వచ్చిన ఇంకో ఎత్తు చెప్పి వదిలేస్తాను. గ్రూపులో చేరబోతే ‘మీరు రోబో కాదని రుజువు చేసుకోండి’ అని ఒక బాటు అడుగుతుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, పేస్ట్ చేసి, ఎంటర్ కొట్టమంటుంది. మీకు తెలియకుండా కాపీ అయిన ఆజ్ఞను మీ చేతే మీ కంప్యూటర్లో నడిపిస్తుంది. మనిషని రుజువు చేసుకోవడానికి ఇంత తతంగం ఎక్కడా ఉండదు, పేజీ మూసేయండి.

ఇక పద్ధతికి వద్దాం. ఎదుటివాడు సీడ్ ఫ్రేజ్ అడుగుతున్నాడా, తెర పంచుకోమంటున్నాడా, ‘సేఫ్ వాలెట్’ అని ఇంకో చిరునామాకు మార్చమంటున్నాడా, ముందు కొంత పంపమంటున్నాడా? వీటిలో ఏది అడిగినా, అడిగినవాడు సాక్షాత్తూ కంపెనీ యజమానే అయినా సంభాషణ అక్కడితో సరి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదని ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా తెలుసు, ఇదీ అలాగే అలవాటు కావాలి. సపోర్టు కావాలంటే మనమే యాప్ లోపలికి వెళ్లి అడగాలి. మనల్ని వెతుక్కుంటూ వచ్చిన సపోర్టు జోలికి వెళ్లకూడదు.

అయినా పోతే? సీడ్ ఫ్రేజ్ మాటలు బయటపడ్డ వాలెట్‌ను బాగుచేయడం కుదరదు. మిగిలిందంతా వెంటనే కొత్త వాలెట్‌కు మార్చించండి. 1930కు ఫోన్ చేయించండి, సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టించండి. లావాదేవీ హ్యాష్, దొంగ చిరునామా, చాట్ స్క్రీన్‌షాట్లు దానికి జతచేయాలి. క్లయింట్లు సిగ్గుపడి చాట్ చెరిపేస్తారు, చెరపనివ్వకండి. సొమ్ము ఏదైనా ఎక్స్చేంజిలోకి చేరి ఉంటే దాన్ని ఆపించే అవకాశం మొదటి కొన్ని గంటల్లోనే. 

ఇదయ్యాక రెండో దొంగ వస్తాడు. ‘మీ డబ్బు ఎక్కడుందో కనిపెట్టాం, రికవరీ ఫీజు కట్టండి’ అంటాడు. లాయరునంటాడు, సైబర్ పోలీసునంటాడు. అమెరికాలో ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ విభాగం పేరే వాడుకుని, ఫిర్యాదు చేసినవాళ్లను మళ్లీ దోచుకుంటున్నారని 2025 ఏప్రిల్‌లో ఎఫ్‌బీఐ ప్రకటించాల్సి వచ్చింది. ఒకసారి పోగొట్టుకున్నవాడి పేరు దొంగల జాబితాలో ఉంటుందని మీ క్లయింటుకు ఆ రోజే చెప్పండి.

టీ రావడానికి పది నిమిషాలుందట. ఫోన్లు తీయండి. టెలిగ్రామ్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరవండి. ఫోన్ నంబరు ఎవరికి కనిపించాలి అన్నచోట ‘నోబడీ’. గ్రూపుల్లో మిమ్మల్ని ఎవరు చేర్చవచ్చు అన్నచోట ‘మై కాంటాక్ట్స్’. అక్కడే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. డిస్కార్డ్ ఉన్నవాళ్లు ముందుకు రండి, అందులో పరిచయం లేనివాళ్ల మెసేజ్‌లు ఆపే మీట వేరేచోట ఉంది, చూపిస్తాను.