కంప్యూటరుతో బి.కాం. ఎందుకమ్మా?

మన పోతిరెడ్డిపల్లిలో, "ఆడపిల్లకి కంప్యూటరుతో బి.కాం. ఎందుకమ్మా, టైపు నేర్చుకుంటే చాలదూ?" అనే తల్లులున్నారు. ఆ చదువు వట్టి టైపు కాదండీ. పటాన్‌చెరు ఫ్యాక్టరీకి లారీ సరుకు వచ్చిందనుకోండి. గేటులో నమోదు, స్టోర్సులో నిల్వ, అకౌంట్సులో బిల్లు, మూడూ ఒకే లెక్కకు రావాలి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక రిటర్నులూ కంప్యూటరులోనే దాఖలు చెయ్యాలి. ఒకచోట అంకె తప్పితే అన్నిచోట్లా తప్పే! ఏ వివరం ఎవరు రాయాలి, ఎవరు సరిచూడాలి, ఎవరి కంట పడకూడదు అని ఏర్పాటు చెయ్యడమే ఈ విద్య. నెల సరుకుల చిట్టీ రాసే మనకిది బొత్తిగా కొత్తేం కాదు. రోజూ కాలేజీకి పంపలేనివారికి 1982లో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేద్కర్ విశ్వవిద్యాలయం, ఉండనే ఉంది. సంబంధం కుదిరిందని మాత్రం ఆఖరి సంవత్సరంలో పిల్ల చదువు మాన్పించకండి. పెళ్ళికొడుకు ఆగుతాడు, పరీక్ష ఆగదు!