పెట్టె ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది

2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాలను కావాలని మసకబార్చడం మానేసింది. వంద మీటర్ల దాకా తప్పిన లెక్క ఒక్కసారిగా ఇరవై మీటర్ల లోపుకు వచ్చింది. మే 3న డేవ్ అల్మర్ ఆరెగాన్ అడవిలో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ ప్రకటించాడు. దాచిన పెట్టెలను జీపీఎస్‌తో వెతికే జియోకాషింగ్ ఆట అలా పుట్టింది.

ఉపగ్రహాలు మన నెల్లూరు సీమకూ కొత్త కాదు. జీపీఎస్ లాంటి మన దేశపు నావిక్ వ్యవస్థలోని తొలి ఉపగ్రహం 2013 జులై 1న అప్పటి నెల్లూరు జిల్లా శ్రీహరికోట నుంచే ఎగిరింది.

కొత్తవారు ఫోన్‌లో జియోకాషింగ్ యాప్ పెట్టుకుని, కష్టం స్థాయిలో ఒక్క నక్షత్రమే ఉన్న సులువైన పెట్టెతో మొదలుపెట్టాలి. చివరి పది మీటర్లలో ఫోన్‌కన్నా కళ్లే నమ్మకం. రాతి సందుల్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడాలి. తేళ్లు, పాములు ఉండొచ్చు. పెట్టె దొరికితే లోపలి పుస్తకంలో పేరు రాసి, ఉన్నచోటే ఉంచాలి. ఒక వస్తువు తీసుకుంటే అంత విలువైనది పెట్టాలి. ఉదయగిరి చెక్క చెంచా కన్నా మంచి కానుక ఏముంటుంది! తినుబండారాలు మాత్రం వద్దు, జంతువులు వాసన పసిగడతాయి.

ఉదయగిరి కోటలో పెట్టె వెతికేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతి రాజుల నుంచి గెలుచుకున్న కోట. ఆ గోడల రాయి ఒక్కటీ కదపకూడదు. సొంతంగా పెట్టె దాచాలనుకునేవారు స్థలం యజమాని అనుమతి తీసుకోవాలి. ఆ కోట కొండెక్కేవారు దారిలోని ఆత్మకూరులోనే మ్యాప్ దించుకుంటే మేలు. డేటా లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.