తొలినాటి బొమ్మలు

(నూజివీడున జరిగిన వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ పందిరిక్రింద విద్యానిధిని గూర్చియు, విద్యార్థుల వసతిగృహమును గూర్చియు, పెండ్లి ఖర్చులను గూర్చియు పెద్దలు సవిస్తరముగా మాటలాడిరి. కార్యదర్శిగారు మా కొసగిన విషయము వీనిలో దేనితోను చేరునట్లు కానరాదు. చిత్రకారుడు తన తొలినాటి పనిని మరల చేతబట్టి చూచుకొనినప్పుడు అందేమి కానవచ్చునో చెప్పుడని వారి కోరిక. ఇది తీరిక గలవారి మాటయని కొందరు తలపవచ్చును. కాని నిరుడు మనవారి యింట జరిగిన యొక సంగతి వినినచో ఇదియు విద్యానిధికి సంబంధించిన మాటయే యని మీ రొప్పుకొందురు. ఆ సంగతి తరువాత విన్నవించెదము.

మనది బొమ్మలు చేయు కులము. ముక్తఋషిని మూలపురుషునిగా తలచువారము. మన పూర్వులు రాజస్థానమునుండి కొండపల్లికి వచ్చిరని పెద్దలు చెప్పగా వినుచున్నాము. మాకు పుట్టినయూరు కొండపల్లియైనను, మా తల్లిగారి పుట్టినిల్లు ఈ నూజివీటి తోటలలోనిది. నాడు రెండును కృష్ణాజిల్లాలోనివే. 2022లో జిల్లాలు విడిపోయి నూజివీడు ఏలూరు జిల్లాకును, కొండపల్లి ఎన్.టి.ఆర్. జిల్లాకును చేరినవి. జిల్లాలు వేరైనను చుట్టరికములు వేరు కాలేదు. అందుకు ఈ పందిరియే సాక్ష్యము.

మన పనిలో శిష్యుడు ఎట్లు ఎదుగునో ఈ సభలో ఎవరికిని చెప్పవలసిన పనిలేదు. అయినను మన పోషకులలో ఇతరులును గలరు గనుక రెండు మాటలు. తెల్లపొణికి కఱ్ఱను తెచ్చి, సన్నని సెగపై తడి యారునట్లు కాచి, ఉలితో మొండెమును చెక్కుదుము. కాలుసేతులు, తల, తొండము, గొడుగు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతుకుదుము. ఆకురాయితో నునుపు చేసి, సున్నము పూసి, ఆరిన పిమ్మట రంగులు వేయుదుము. మా యింట పిల్లవానికి మొదట దొరకునది నునుపుచేయు పని. ఏడాదికో రెండేండ్లకో సున్నపు ముంత చేతికి వచ్చును. ఆ పిమ్మట పీఠమునకు ఆకుపచ్చ, తరువాత పంచెయంచు, తరువాత నగలు. కన్నులు దిద్దుట అన్నిటికంటె కడపటిది. మేకవెండ్రుకల కుంచెతో ఒక్క చుక్క పెట్టగానే కఱ్ఱ మనవైపు చూచును. ఆ చుక్క పెట్టుటకు మా తాతగారు మా చేతికి కుంచె నిచ్చునాటికి మాకు పదునాలుగేండ్లు నిండినవి.

ఇందొక చిక్కు గలదు. దీనిని మనమెన్నడును చిక్కుగా ఎంచలేదు. ఇట్లు నేర్చిన పిల్లవాని తొలి పని ఎక్కడ నున్నది? అతడు నునుపుచేసిన యేనుగు, అతడు అంచు దిద్దిన దశావతారములు, అతడు సున్నము పూసిన కల్లుగీతవాడు, ఇవన్నియు సంతకును దుకాణమునకును పోయినవి. ఏ యూరిలో ఏ యింటి బొమ్మలకొలువులోనో సంక్రాంతినాడు మెట్లపై నిలిచియుండును. దానిపై పేరు లేదు, ఏడు లేదు. చూచిన వారు కొండపల్లి బొమ్మ యందురేగాని, ఫలానావాని పదవయేటి పని యనరు. కాగితముపై వ్రాయువానికి పాతకాగితములు మిగులును. మనకు మిగులునది కూలి మాత్రమే.

రాజమహేంద్రవరమునకు పోయినవారు దామెర్ల రామారావుగారి చిత్రశాలను చూచియుందురు. ఆయన 1897లో అక్కడనే జన్మించిరి. ఆ యూరి ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులుగానున్న ఆస్వాల్డ్ కూల్డ్రేదొర స్వయముగా చిత్రకారుడు. ఈ పిల్లవాని చేతిని గుర్తెరిగి ప్రోత్సహించెను. 1916లో రామారావుగారు బొంబాయి జె.జె. కళాశాలకు పోయి, 1920లో చదువు ముగించి, తిరిగివచ్చి తమ యూరనే చిత్రకళాశాల నెలకొల్పిరి. 1925లో మశూచికము సోకి, 28 ఏండ్లు నిండకమునుపే స్వర్గస్థులైరి. ఇంత కొలది కాలములో ఇంత పని చేసిన వాడని చెప్పుకొనుట వాడుక. మాకు ఆ చిత్రశాలయందు మిక్కిలి నచ్చినది వేఱొకటి. పూర్తిచేసిన పటములతోబాటు పెన్సిలు గీతలును, అభ్యాసపు కాగితములును అక్కడ భద్రముగా నిలిచినవి. వరదా వెంకటరత్నముగారివంటి స్నేహితులును, భార్య సత్యవాణిగారు మొదలగు ఇంటివారును పూనుకొనకున్నచో అవి చెదలపాలై యుండెడివి. మొదట చేయి తడుముకొనుట, పిమ్మట గీత నిలుచుట, ఆ పిమ్మట గీత తగ్గుట, ఇది యంతయు అచ్చట కంటితో చూడవచ్చును. పటమును చూచినవాడు మెచ్చుకొని పోవును. అభ్యాసపు కాగితమును చూచిన పిల్లవాడు ఇంటికి వచ్చి తానును పెన్సిలు పట్టును.

మా విషయమున ఒక్క చిన్న భాగ్యము కలిగినది. వేసవి సెలవులకు అమ్మమ్మగారి యింటికి వచ్చినప్పుడు ఇక్కడ కఱ్ఱయు మక్కును ఉండెడివి కావు గనుక కాగితములపై బొమ్మలు వేసెడివారము. మా తల్లిగారు వానిని మడిచి, చీరలపెట్టె యడుగున పఱచిరి. భద్రపఱచవలెనని కాదు, పెట్టె యడుగునకు కాగితము కావలెనని. ఆమె గతించిన పిమ్మట ఆ పెట్టె మాకు చేరినది. సుమారు 50 ఏండ్లనాటి కాగితములు 31 దొరకినవి. తొమ్మిదవయేటినుండి పదునాల్గవయేటి వరకు వేసినవి.

మొదటి కాగితములలోని మామిడికాయలన్నియు ఒక్కటే. చీరయంచున నేసిన మామిడిపిందెను చూచి వేసినవేగాని, చెట్టును చూచి వేసినవి కావు. నూజివీటి తోటలో కూర్చుండి చీరయంచును చూచి మామిడికాయ వేయు బాలుని తలచుకొనిన నవ్వు వచ్చును. కాని లోకమున ప్రతి బాలుడును ముందు నేర్చిన ఆకారమునే వ్రాయును. చూచి వ్రాయుట తరువాతి మాట. మూడవయేటి కాగితమున భేదములు కనబడుచున్నవి. కలెక్టరుకాయకు చిలుకముక్కు వచ్చినది. బంగినపల్లికి నునుపైన పొడవాటి దేహము వచ్చినది. చిన్నరసము పెద్దరసము ప్రక్కప్రక్కన నిలిచినవి. ఎవరో పిసికి రసము పీల్చివేసిన టెంకయు తొక్కయు గూడ ఒక మూల కలవు. తినుటవలన కలిగిన జ్ఞానమే చేతికి వచ్చినదని తోచుచున్నది.

ఇంకొక కాగితమున చెట్టుయాకులు కొన్ని రాగివన్నెగా నున్నవి, కొన్ని లేతపచ్చ, కొన్ని ముదురుపచ్చ. మామిడి చిగురు రాగివన్నెతో పుట్టునని అందఱికిని తెలియును. తెలిసినను, ఆకనగానే పచ్చరంగు ముంతలోనికి కుంచె పోవును. ఆ యేట పోలేదు. ఆ చెట్టుక్రిందనే మఱియొక చిత్రమున ఆకులపై నల్లని మచ్చలు గలవు. మా కుమారుడు దానిని చూచి సిరా ఒలికినదనెను. అది సిరా కాదు. పూతకాలమున తేనెమంచు పురుగు పట్టిన చెట్టు ఆకులపై జిగురు కారి, దానిపై మసి కమ్మును. ఆ యేడు మా తాతగారి తోటకు తేనెమంచు పట్టి పూత రాలిపోయినది. వేసవికి మేము వచ్చునాటికి మసి పట్టిన ఆకులు మిగిలినవి; కాయలు లేవు. అప్పు మిగిలినది. ఇంటిలో ఎవరును పిల్లలయెదుట ఆ మాట ఎత్తలేదు. కాగితము మాత్రము వ్రాసికొనినది.

కాలముతోబాటు చేయి మెఱుగుపడు ననుట నిజమే. కాని అన్నియు మెఱుగుపడునని చెప్పలేము. మా పదకొండవయేటి కాగితమున కల్లుగీతవాడు తాటిచెట్టును పట్టుకొనియున్నాడు. మోచేతుల కొలతలు లేవు, తల మిక్కిలి పెద్దది. కాని వాని పాదములు చెట్టును కఱచికొనియున్నవి. జారిపడునేమో యను భయము చూచువానికి కలుగును. తరువాత మేము చెక్కిన కల్లుగీతవారు వేలకొలది యుందురు. కొలత సరి, రంగు సరి, కన్ను సరి. ఒక్కడును పడిపోవునని ఎవరికిని భయము కలుగదు. బేరము ఎక్కువై, రోజుకిన్ని యను లెక్క వచ్చినప్పుడు పాదము చెట్టును కఱచుట మానును. అది మాకే కాదు, పనివారందఱికిని కలుగునది. ఆ కాగితము దొరకిన పిమ్మట మేము దానిని ఎదుట పెట్టుకొని పాదములను మరల చెక్కనారంభించితిమి. ఇప్పుడు ఆరింటిలో ఒకడు పట్టుకొనుచున్నాడు.

పరదేశములలోను ఇట్టి చూపు గలవారు లేకపోలేదు. జపానుదేశపు హొకుసాయి అను ముద్రాచిత్రకారుడు 1834లో ఫుజిపర్వత చిత్రముల గ్రంథమును ప్రకటించుచు, ఆరవయేటినుండి వ్రాయుచున్నను 70 ఏండ్లకు ముందు తాను చేసినది లెక్కింపదగినది కాదనియు, 73వ యేట పక్షులయొక్కయు చెట్లయొక్కయు నిర్మాణము కొంత తెలిసినదనియు వ్రాసికొనెను. వినయము గొప్పదే గాని, మే మాయనతో పూర్తిగా నేకీభవింపము. స్విట్జర్లాండున పుట్టిన పాల్ క్లే అను చిత్రకారుడు 1911లో తన చిత్రముల జాబితా వ్రాయ మొదలిడి, బాల్యమున వేసిన బొమ్మలలో కొన్నింటిని గూడ అందు చేర్చుకొనెను. మా మనస్సు ఈతనివైపే మొగ్గుచున్నది.

ఇక చెప్పెదమన్న సంగతి. మనవారి పిల్ల యొకతె, పేరు చెప్పుట ధర్మము కాదు, నిరుడు ఒక చిత్రకళాశాలలో చేరగోరి పరీక్షకు పోయెను. అక్కడివారు ఆమె గత మూడేండ్లలో చేసిన పనిని చూపుమనిరి. ఆ పిల్ల ఎనిమిదవయేటినుండి తల్లి ప్రక్కన కూర్చుండి రంగులు వేయుచున్నది. మన యిండ్లలో రంగుల పనిలో స్త్రీల చేయి ఎంత గలదో మీ రెఱుగుదురు. బొమ్మ బేరమాడునప్పుడు మాత్రము ఆ చేతి పేరు రాదు. అంబారీ యేనుగులకు ఆమె వేసిన జూలులు వందలు. కాని చూపుటకు ఇంట నొక్కటియు లేదు. ఆ వారము చేసిన రెండు బొమ్మలను గుడ్డలో చుట్టుకొని పోయెను. ఇందు నీవు చేసినదేదని వారడిగిరి. రంగులనెను. మొదట ఎట్లు వేసెడిదానవు, ఇప్పుడు ఎట్లు మారితివని అడిగిరి. నోట చెప్పగలిగెను గాని చేత చూపలేకపోయెను. చోటు దొరకలేదు. అడిగినవారిది తప్పనలేము. పిల్లది అసలే కాదు. పది తరములుగా ఉన్నదంతయు అమ్ముకొని బ్రతికిన యింటిలో పాతపని ఎట్లు మిగులును?

విద్యానిధినుండి ఆ పిల్లకు రుసుము నిచ్చుటకు మన సంఘము సిద్ధముగానే యుండెను. కావలసి వచ్చినది రూపాయలు కాదు, ఆమె పదవయేట రంగువేసిన ఒక్క వంకర యేనుగు.

కనుక మా ప్రార్థన యిది. పనిచేయు ప్రతి యింట, ప్రతి పిల్లయు పిల్లవాడును ఏడాదికొక్క బొమ్మను, చెక్కుటనుండి కన్నువరకు తామే చేసి, అమ్మక యుంచవలెను. అడుగున పేరును ఏడును వ్రాయవలెను. ఆడపిల్లల పేర్లు తప్పక వ్రాయవలెను. సంఘపు హాలున అద్దపు తలుపుల బీరువా యొకటి చేయించి వానిని వరుసగా నిలుపవలెను. బహుమతి పొందినవే కాదు, అన్నియు.

ఈ మాట మొన్న కార్యవర్గమున వచ్చినప్పుడు ఒక పెద్ద రాక్షేపించిరి. మన బొమ్మలకు 1999 నాటి చట్టముక్రింద భౌగోళిక గుర్తింపు గలదు. వంకరబొమ్మలను నలుగురికి చూపినచో పేరు చెడి ధర పడునని వారి భయము. రెండవది, తెల్లపొణికి కఱ్ఱ నానాటికి కఱవగుచుండగా పిల్లలచేతికి కఱ్ఱ యిచ్చుట దుబారా యని. రెండును ఆలోచింపదగిన మాటలే. మొదటిదానికి మా సమాధానము: బీరువా దుకాణమున పెట్టుట లేదు, మన హాలున పెట్టుచున్నాము, కొనవచ్చినవాడు దానిని చూచెనేని, నేటి బొమ్మకు ఎంత సాధన పట్టినదో తెలిసికొని బేరమాడుట తగ్గించును. రెండవదానికి: జానెడు బొమ్మకు కోతలో మిగిలిన ముక్కలు చాలును. పొణికి మొక్కలు నాటు సంగతి మీదట మాటలాడవలసిన పెద్దపని. దానిని ఈ బీరువాకు అడ్డుపెట్టరాదు.

రంగుల విషయమున గూడ ఈ బీరువా మేలుచేయును. ఎనామెలు రంగులు వచ్చిన పిమ్మట మన బొమ్మకు మెఱుపు వచ్చినది. తరువాత కొన్ని యిండ్లవారు మరల ఆకురంగులు, చెట్టురంగులు పట్టిరి. ఏది మేలని తగవులాడుచున్నాము. పేరును ఏడును గల బొమ్మలు 20 ఏండ్లు ప్రక్కప్రక్కన నిలిచినచో, ఏది వెలిసినది, ఏది పొఱలు లేచినదని చూచి తేల్చుకొనవచ్చును.

బీరువాకగు కఱ్ఱయు అద్దములును ఈ యూరి తోటల యజమానులైన పోషకు లిరువురు ఇచ్చెదమని మాట యిచ్చిరి. వడ్రంగము మనవారే చేయుదురు. అడుగు అరలో పెట్టుటకు మా 31 కాగితములను ఇచ్చుచున్నాము. నేటి సాయంకాలము అవి వేదిక ప్రక్కనున్న బల్లపై నుండును. చూడగోరువారు చూడవచ్చును. మధ్యాహ్నపు భోజనమున రసాలు వడ్డింతురని వినుచున్నాము గనుక, చేతులు కడుగుకొని రావలసినదని మాత్రము మనవి.