పోటీలో పక్షం, మన మార్కులు



కళాశాలల వక్తృత్వ పోటీలకు మనలో కొందరిని న్యాయనిర్ణేతలుగా పిలుస్తుంటారు. 1991 జులైలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించడం, బంగారాన్ని ఇంగ్లండు, జపాను బ్యాంకుల్లో తాకట్టు పెట్టడం మనం సర్వీసులో ఉండగా చూసినవే. పిల్లలకవి చదివి తెలుసుకున్న సంగతులు. 2022లో యుద్ధం మొదలయ్యాక రష్యా చమురు కొనడం తప్పా ఒప్పా అంటే మాత్రం మనకన్నా వాళ్ల దగ్గరే లెక్కలెక్కువ.

1981లో గ్లాస్గోలో మొదలైన ప్రపంచ విశ్వవిద్యాలయాల డిబేటింగ్ పోటీలు 2014లో మన చెన్నైలోనూ జరిగాయి. అంశం చెప్పాక తయారీకి 15 నిమిషాలు, ప్రసంగానికి 7 నిమిషాలు. పక్షం వాళ్లు కోరుకునేది కాదు, కేటాయించేది.

అలాంటి పోటీలో ఒక అమ్మాయి, 2004లో వచ్చిన కంట్రిబ్యూటరీ పెన్షనే సబబని వాదిస్తే మనకు ఒళ్లు మండుతుంది. ఆ పక్షం ఆమెకు చీటీలో పడింది! ఖజానా భారం లెక్క చెప్పిందా, రిటైరైనవాడి నెల ఖర్చు మాటేమిటని ఎదుటివారు అడిగితే జవాబిచ్చిందా? మార్కులు దానికే. గొంతు పెంచినవాడికి చప్పట్లు ఎలాగూ దక్కుతాయి.

ఈ ఏడు మన సంఘం పోటీకి పెన్షన్ విధానమే అంశంగా పెట్టి, పక్షాలు చీటీలు తీసి ఇద్దామని నా ప్రతిపాదన. మన మనవలకే ఎదురు పక్షం పడవచ్చు. తేదీ కార్యదర్శిగారు నిర్ణయించాలి.